యాడ్స్ కోసిన చోట అతుకు కనపడకూడదంటే: అవిడెమక్స్, లాస్‌లెస్‌కట్, స్మార్ట్ రెండరర్‌లలో ఏది దేనికి

పెన్‌డ్రైవ్‌లోకి రికార్డు చేసుకున్న సినిమాలోంచి బ్రేకులు తీసేయడం పది నిమిషాల పనిలాగే కనిపిస్తుంది. తీరా టీవీకి పెట్టి చూస్తే బ్రేక్ ఉన్న ప్రతిచోటా ఏదో ఒకటి తేడా కొడుతుంది. బొమ్మ అరసెకను గళ్లుగళ్లుగా విడిపోతుంది. బ్రేక్‌కి ముందు సీన్‌లోని ముఖం తర్వాతి సీన్ మీద నీడలా తేలుతుంది. లేదంటే మాట ముందొచ్చి పెదవి వెనక కదులుతుంది. ఫైలంతా మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే, అంటే వీడియోని విప్పి మళ్లీ కుదించి రాస్తే, ఇవేవీ ఉండవు, కానీ అసలే అంతంతమాత్రంగా వచ్చే ప్రసారం నాణ్యత ఇంకో మెట్టు దిగుతుంది, గంటలకొద్దీ కంప్యూటర్ తిరుగుతుంది. అలా ఫైలంతా ఎన్‌కోడ్ చేయకుండా, అతుకు కనపడకుండా కోయడమే ఇక్కడి పరీక్ష.

ముందే తీర్పు చెప్పేస్తే: ఉచితంగా కావాలంటే అవిడెమక్స్. హెచ్.264 (ఎంపెగ్-2 తర్వాత వచ్చిన వీడియో కుదింపు పద్ధతి) రికార్డింగులు ఎక్కువగా ఉండి, ఫ్రేము ఫ్రేముకీ పట్టింపు ఉన్నవాళ్లకి పెగాసిస్ కంపెనీ వాళ్ల టీఎంపీజీఎన్‌క్ ఎంపెగ్ స్మార్ట్ రెండరర్ 6, డబ్బు పెట్టి కొనుక్కోవాల్సినదే అయినా. లాస్‌లెస్‌కట్ వేగంలో మొదటిది, అతుకు శుభ్రతలో మూడోది. ఒకప్పుడు ఈ పనికి అందరూ చెప్పిన వీడియోరీడూ ఇప్పుడు అమ్మకంలో లేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఏ రికార్డింగులకి ఇది పనికొస్తుందో కూడా చెప్పాలి. డబ్బు కట్టే డీటీహెచ్ బాక్సులు హార్డ్ డిస్కులో దాచే రికార్డింగులు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, ఆ బాక్సు తప్ప ఇంకేదీ వాటిని తెరవలేదు. డీడీ ఫ్రీ డిష్ లాంటి ఉచిత ప్రసారాలు, అంటే జీశాట్-15 నుంచి 93.5 డిగ్రీల తూర్పున వచ్చేవి, యూఎస్‌బీ రికార్డింగ్ ఉన్న బాక్సులో పడితే మామూలు టీఎస్ ఫైళ్లుగా దొరుకుతాయి. సప్తగిరి, యాదగిరి ఛానెళ్లలో వచ్చే పాత కార్యక్రమాలు దాచుకునేవాళ్లు చేసే పని ఇదే. అమెరికాలో ఇంటిమీద యాంటెనా పెట్టుకుని రికార్డు చేసుకునేవాళ్లకీ ఇదే పద్ధతి. అక్కడ శబ్దం ఎక్కువగా ఏసీ-3 (డాల్బీ డిజిటల్) పద్ధతిలో ఉంటుంది.

అతుకు దగ్గర బొమ్మ ఎందుకు పగులుతుంది

డిజిటల్ ప్రసారంలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ఐ-ఫ్రేమ్ ఒక్కటే సొంతంగా నిలబడే బొమ్మ. పీ-ఫ్రేమ్ దానికి ముందున్న బొమ్మతో పోల్చి మారినంత మేరకే రాసుకుంటుంది. బీ-ఫ్రేమ్ ముందూ వెనకా రెండింటినీ చూసుకుంటుంది. ఐ-ఫ్రేమ్ నుంచి తర్వాతి ఐ-ఫ్రేమ్ దాకా ఉన్న గుంపుని జీఓపీ అంటారు. సెకనుకి 25 ఫ్రేములున్న ఎంపెగ్-2 ప్రసారంలో ఈ గుంపు సాధారణంగా 12 ఫ్రేములు, అంటే 0.48 సెకన్లు. హెచ్.264లో ఇంకా పొడుగ్గా ఉంటుంది.

సినిమా తిరిగి మొదలయ్యే ఫ్రేము ఐ-ఫ్రేమ్ కాకపోతే, దాని ఆధారం యాడ్‌తో పాటే కొట్టుకుపోయింది. డీకోడర్ (కుదించిన వీడియోని విప్పి బొమ్మగా చూపించే భాగం) చేతికి చిక్కిన పాత బొమ్మ మీదే మార్పులు గీస్తుంది. గళ్లు, నీడలు వచ్చేది అందుకే. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియక ఇబ్బందిపడేది తర్వాతి మెలిక దగ్గర: ఐ-ఫ్రేమ్ దగ్గరే కోసినా ఒక్కోసారి రెండు ఫ్రేములు చెడిపోతాయి.

ఫైల్లో ఫ్రేములు రాసి ఉన్న వరస వేరు, తెరమీద కనిపించే వరస వేరు. ఐ-ఫ్రేమ్ ముందు రాసి ఉంటుంది. దాని వెంటనే రాసిన రెండు బీ-ఫ్రేములు తెరమీద మాత్రం ఐ-ఫ్రేమ్ కంటే ముందు కనిపించాలి. ఆ రెండూ గీయడానికి వెనకటి గుంపులోని చివరి పీ-ఫ్రేమ్ కావాలి. దీన్నే ఓపెన్ జీఓపీ అంటారు. బ్రేక్ కోసేశాక ఆ పీ-ఫ్రేమ్ ఇక లేదు. ఎంపెగ్-2లో ఇందుకోసమే జీఓపీ హెడర్‌లో బ్రోకెన్ లింక్ అనే జెండా ఉంది. కోసే సాఫ్ట్‌వేర్ ఆ జెండా ఎత్తినా, అనాథలైన రెండు బీ-ఫ్రేముల్ని తనే తీసేసినా సమస్య తీరుతుంది. ఏదీ చేయకపోతే 80 మిల్లీసెకన్ల పాటు చెత్త బొమ్మ కనిపిస్తుంది. హెచ్.264లో ఐడీఆర్ అనే ఫ్రేము దగ్గర మాత్రమే వెనకటి ఆధారాలన్నీ తెగిపోతాయి. కానీ ప్రతి ఐ-ఫ్రేమూ ఐడీఆర్ కాదు.

బయటికి వెళ్లే వైపు నియమం వేరు. బ్రేక్‌కి ముందు ఉంచుకునే చివరి ఫ్రేము ఐ కానీ పీ కానీ అయితే చాలు. బీ దగ్గర ఆపితే దానికి ఆధారంగా కావాల్సిన తర్వాతి ఫ్రేము పోయినట్టే. కాబట్టి ప్రవేశం దగ్గర ఐ, నిష్క్రమణ దగ్గర ఐ లేదా పీ. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే చాలా బ్రేకులు శుభ్రంగా వస్తాయి. యాడ్ నుంచి సినిమాలోకి సీన్ ఒక్కసారిగా మారుతుంది కాబట్టి ఎన్‌కోడర్లు చాలాసార్లు సరిగ్గా అక్కడే ఐ-ఫ్రేమ్ పెడతాయి. అదృష్టం ఎక్కువగా మనవైపే ఉంటుంది.

కోతకి ముందు ఫైలు సిద్ధం చేయడం

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు. సెకనుకి 4 మెగాబిట్ల ప్రసారమైతే దాదాపు 2 గంటల 20 నిమిషాలకి బాక్సు రెండో ఫైలు మొదలుపెడుతుంది. ఆ రెండో ముక్కని విడిగా తెరిచి కోయకండి, అది ఐ-ఫ్రేమ్‌తో మొదలవుతుందన్న హామీ లేదు. మొదట ముక్కల్ని బైట్లకి బైట్లుగా కలపాలి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ కమాండ్‌కి బైనరీ స్విచ్ (/b) ఇచ్చి ఫైళ్ల పేర్ల మధ్య ప్లస్ గుర్తు పెడితే సరిపోతుంది. లినక్స్‌లో క్యాట్ కమాండ్. టీఎస్ అంటే 188 బైట్ల పొట్లాల వరస, కాబట్టి అలా చివరకి చివర అతికించినా నిలబడుతుంది. ఎంపీ4 ఫైళ్లతో ఈ పని చేయకూడదు.

వాన పడేటప్పుడు కేయూ బ్యాండ్ సిగ్నల్ పడిపోయి వచ్చిన గళ్లు వేరు, కోతవల్ల వచ్చిన గళ్లు వేరు. ఏదైనా చోట బొమ్మ పగిలితే మొదట అసలు రికార్డింగులో అదే చోటు చూడండి. అక్కడా ఉంటే పొట్లాలు గాల్లోనే పోయాయని అర్థం. ఏ సాఫ్ట్‌వేరూ వాటిని తిరిగి తేలేదు.

బాక్సుని రోజంతా రికార్డింగ్‌లో వదిలేసేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. టీఎస్‌లోని టైమ్‌స్టాంపు 33 బిట్లది, సెకనుకి 90,000 చొప్పున పెరుగుతుంది. దాదాపు 26 గంటల 30 నిమిషాలకి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఛానెల్ గడియారం ఎప్పుడు సున్నా అవుతుందో మన రికార్డింగ్‌తో సంబంధం లేదు, కాబట్టి రెండు గంటల సినిమా మధ్యలో కూడా రావచ్చు. ఉన్నట్టుండి ఫైలు నిడివి 26 గంటలని చూపిస్తే కారణం అదే. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత కమాండ్-లైన్ సాఫ్ట్‌వేర్‌తో ఎన్‌కోడ్ లేకుండా ఒకసారి కాపీ చేసి, ఆ కొత్త ఫైలుని కోతకి తీసుకోండి.

అవిడెమక్స్

పాతకాలపు ముఖం, కానీ ఈ పనికి కావాల్సిన ఒక ముఖ్యమైన సదుపాయం దీంట్లో ఉంది: ఏ ఫ్రేము మీద నిలబడ్డామో అది ఐ, పీ, బీలలో ఏదో కిందనే రాసి చూపిస్తుంది. పై చెప్పిన నియమాన్ని కళ్లతో చూసి పాటించవచ్చు.

టీఎస్ ఫైలు తెరవగానే ఇండెక్స్ తయారుచేస్తుంది, పెద్ద ఫైలుకి కొంచెం ఆగాలి. వీడియో అవుట్‌పుట్, ఆడియో అవుట్‌పుట్ రెండూ కాపీ మీదే ఉంచండి. పై బాణం కీ తర్వాతి కీఫ్రేమ్‌కి (సాఫ్ట్‌వేర్లు ఐ-ఫ్రేమ్‌ని పిలిచే పేరు), కింది బాణం వెనకటి కీఫ్రేమ్‌కి తీసుకెళ్తాయి. కుడి, ఎడమ బాణాలు ఒక్కో ఫ్రేము జరుపుతాయి. సినిమాలో చివరగా ఉంచాల్సిన పీ లేదా ఐ ఫ్రేము పట్టుకుని, దాని తర్వాతి ఫ్రేము మీద 'ఏ' (A) మార్కర్ పెట్టండి. సినిమా తిరిగి మొదలయ్యే ఐ-ఫ్రేమ్ మీద 'బీ' (B) మార్కర్ పెట్టండి. డిలీట్ కొట్టండి. బీ మార్కర్ ఉన్న ఫ్రేము కోతలో పోదు, అది మిగులుతుంది. ఇది తెలియక చాలామంది ఒక ఫ్రేము వెనక్కి జరిపి, చక్కటి ఐ-ఫ్రేమ్‌ని వదిలి యాడ్ చివరి ఫ్రేము తగిలించుకుంటారు.

కోతలన్నీ ఫైలు చివరి నుంచి మొదటికి చేయడం మంచిది. ముందు నుంచి కోస్తే మిగిలిన బ్రేకుల టైములన్నీ జరిగిపోతాయి, రాసిపెట్టుకున్న చీటీ పనికిరాదు.

సేవ్ చేసేటప్పుడు కోత కీఫ్రేమ్ మీద లేదని హెచ్చరిక వస్తే, అవునని నొక్కి ముందుకెళ్లకండి. వెనక్కెళ్లి మార్కర్ సరిచేయండి. ఆ హెచ్చరికని పట్టించుకోకపోవడమే ఈ సాఫ్ట్‌వేర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం. రెండు ఆడియో ట్రాకులున్న ప్రసారమైతే ఆడియో మెనూలో ఏ ట్రాకులు ఎంపికయ్యాయో సేవ్‌కి ముందే చూసుకోవాలి.

దీని బలహీనత ఒకటే. సరైన చోట ఐ-ఫ్రేమ్ లేకపోతే చేయగలిగిందేమీ లేదు. ఆ ఒక్క గుంపుని మాత్రం మళ్లీ ఎన్‌కోడ్ చేయడం దీనికి రాదు. అప్పుడు రెండు దారులు: తర్వాతి ఐ-ఫ్రేమ్ దాకా సినిమాలో కొంత వదులుకోవడం, లేదా వెనకటి ఐ-ఫ్రేమ్ దాకా యాడ్‌లో కొంత భరించడం. ఎంపెగ్-2లో ఆ నష్టం అరసెకను లోపే. ఛానెల్ లోగో బంపర్ (బ్రేక్ అంచున ఛానెల్ వేసే చిన్న లోగో ముక్క) ఉన్నచోట యాడ్ వైపు జరిగితే ఎవరికీ తెలియదు. డైలాగ్ మొదలైపోయిన చోట సినిమా వైపు కోస్తే మాట సగంలో తెగుతుంది, అది గళ్లకంటే చికాకు.

లాస్‌లెస్‌కట్

ఎఫ్ఎఫ్ఎంపెగ్ మీద కట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. చూడ్డానికి బాగుంటుంది, నేర్చుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. ఐ (I) కీ మొదలు, ఓ (O) కీ చివర, ఆల్ట్‌తో బాణం కొడితే కీఫ్రేమ్ నుంచి కీఫ్రేమ్‌కి. ముక్కల్ని ఉంచాలా పారేయాలా అన్నది యిన్-యాంగ్ గుర్తున్న బటన్‌తో తిప్పుకోవచ్చు. బ్రేకుల్ని గుర్తుపెట్టి, ఆ బటన్ నొక్కి, మిగిలినవన్నీ కలిపి ఒక ఫైలుగా తీయమంటే నిమిషాల్లో అయిపోతుంది. ఎంపెగ్-2 రికార్డింగుల ప్రివ్యూ తక్కువ నాణ్యతతో కనిపిస్తుంది. బయటికొచ్చే ఫైలుకి దాంతో సంబంధం లేదు, కంగారుపడకండి.

ఇబ్బంది కోత పద్ధతిలో ఉంది. కీఫ్రేమ్ కట్ ఎంచుకుంటే మనం చూపిన చోటుకి ముందున్న కీఫ్రేమ్ నుంచి మొదలవుతుంది, అంటే యాడ్ తోక వచ్చి చేరుతుంది. నార్మల్ కట్ ఎంచుకుంటే టైము సరిపోతుంది కానీ ముక్క మొదట్లో కాసేపు బొమ్మ ఖాళీగా ఉండవచ్చు. స్మార్ట్ కట్ అని మూడోది ఉంది, అతుకు చుట్టూ మాత్రమే ఎన్‌కోడ్ చేయడానికి. తయారుచేసినవాళ్లే దాన్ని ప్రయోగాత్మకమని రాశారు. ఇంటర్లేస్డ్ (ఒక్కో ఫ్రేముని సరి, బేసి గీతల రెండు సగాలుగా పంపే) టీవీ ప్రసారాలకి దాన్ని నమ్ముకోవద్దు. మొదలు మార్కర్‌ని ఎప్పుడూ ఆల్ట్-బాణంతో కీఫ్రేమ్ మీదికి చేర్చి, కీఫ్రేమ్ కట్ వాడటమే దీంట్లో పనికొచ్చే దారి. ముక్కల్ని కీఫ్రేములకి సర్దే ఆదేశం మెనూలో కూడా ఉంది.

అవుట్‌పుట్‌గా ఎంపీ4 ఎంచుకున్నప్పుడు ఇంకో మోసం జరుగుతుంది. ఎంపీ4లో ఎడిట్ లిస్ట్ అనేది ఉంటుంది. ముందున్న అదనపు ఫ్రేములు ఫైల్లోనే ఉంటాయి, ఫలానా చోటు నుంచి చూపించు అని ప్లేయర్‌కి చీటీ రాసి ఉంటుంది. కంప్యూటర్ ప్లేయర్ ఆ చీటీ చదువుతుంది. కొన్ని టీవీలు చదవవు, యాడ్ తోక మళ్లీ బయటపడుతుంది. ఎంకేవీ కానీ టీఎస్ కానీ తీసుకోండి.

ఎంపెగ్ స్మార్ట్ రెండరర్ 6

విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. ట్రయల్ దించుకుని, మీ బాక్సు ఇచ్చే ఫైలుతో ఒక పూర్తి సినిమా కోసి చూశాకే కొనండి. ఇది చేసే పని సూటిగా ఉంటుంది: ఏ ఫ్రేము దగ్గర కోయమంటే అక్కడే కోస్తుంది, కోత తగిలిన జీఓపీని మాత్రమే మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు కాపీ. ఎంపెగ్-2, హెచ్.264, హెచ్.265 మూడింటికీ ఇదే.

ఎంత భాగం ఎన్‌కోడ్ అవుతుందో లెక్క వేస్తే దీని విలువ తెలుస్తుంది. ఎనిమిది బ్రేకులంటే పదహారు అంచులు. 12 ఫ్రేముల గుంపులైతే ఎక్కువలో ఎక్కువ 192 ఫ్రేములు, అంటే 8 సెకన్లు కూడా కాదు. సినిమా మొత్తంలో ఆ 8 సెకన్లలో నాణ్యత వెంట్రుకవాసి తగ్గినా కంటికి ఆనదు.

అయితే హెచ్.264లో ఈ పద్ధతికే ఒక పాత రోగం ఉంది, ఏ కంపెనీ స్మార్ట్ రెండరింగ్‌కైనా వర్తిస్తుంది. ప్రతి హెచ్.264 ప్రవాహానికీ డీకోడర్ చదువుకునే సూచనల చిట్టా ఉంటుంది, ఎస్‌పీఎస్, పీపీఎస్ అంటారు. ఛానెల్ ఎన్‌కోడర్ చిట్టా ఒకటి, మన కంప్యూటర్‌లో మళ్లీ ఎన్‌కోడ్ అయిన ముక్క చిట్టా ఇంకొకటి. టీఎస్‌లో ఈ చిట్టా మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి డీకోడర్ మారినప్పుడల్లా చదువుకుంటుంది. ఎంపీ4లో సాధారణంగా మొదట్లో ఒక్కసారే ఉంటుంది. రెండు చిట్టాలూ పొసగకపోతే అతుకు తర్వాత తెరంతా ఆకుపచ్చగా అయిపోతుంది. అందుకే స్మార్ట్ రెండర్ అవుట్‌పుట్‌ని టీఎస్‌గానే తీసి దాచుకోండి.

రెండు రికార్డింగులు ఒకే ఫైలుగా కలపాలంటే రెండింటి రిజల్యూషన్, ఫ్రేమ్ రేట్ ఒకటే అయి ఉండాలి. 720×576 రికార్డింగు పక్కన 1920×1080 పెడితే ఒకటి పూర్తిగా ఎన్‌కోడ్ అవుతుంది, ఇక స్మార్ట్ అనడానికేమీ మిగలదు.

బ్రేకుల్ని వెతకడం కామ్‌స్కిప్‌కి వదలొచ్చా

కేబుల్ టెలివిజన్ నిబంధనలు 1994 ప్రకారం గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు ఉండకూడదు: 10 నిమిషాలు వాణిజ్య ప్రకటనలు, 2 నిమిషాలు ఛానెల్ సొంత ప్రచారం. ఆ లెక్కన మూడు గంటల స్లాటులో 36 నిమిషాలు. అన్నీ చేత్తో వెతకడం విసుగే. కామ్‌స్కిప్ యాడ్ బ్రేకుల్ని గుర్తుపట్టే ఉచిత సాఫ్ట్‌వేర్. నల్లటి ఫ్రేములు, ఛానెల్ లోగో, నిశ్శబ్దం, సీన్ మార్పులు లాంటివి చూసి బ్రేకుల్ని ఊహిస్తుంది. దాని ఐఎన్ఐ (సెట్టింగుల) ఫైల్లో డిటెక్ట్ మెథడ్ అనే అంకె ఉంటుంది: నల్ల ఫ్రేముకి 1, లోగోకి 2, సీన్ మార్పుకి 4, నిశ్శబ్దానికి 64, ఇలా కూడుకుంటూ పోవాలి. అన్నీ కలిపితే 255. లోగో యాడ్స్‌లో కూడా తీయకుండా ఉంచే ఛానెల్ అయితే 2 తీసేసి 253 పెట్టండి, లేకపోతే సినిమా అంతా ఒకే ముక్కగా చూపిస్తుంది. బ్రేకుల మధ్య నల్ల ఫ్రేమే పెట్టని ఛానెళ్లలో దీని ఊహ గురి తప్పుతుంది. దీని జవాబుని ముసాయిదాగానే తీసుకోవాలి, దాన్ని నమ్మి నేరుగా కోయించకూడదు.

ఇది ఇచ్చే ఈడీఎల్ ఫైలు చిన్న టెక్స్ట్ ఫైలు, ఒక్కో వరసలో మొదలు సెకను, చివరి సెకను, ఒక అంకె. లాస్‌లెస్‌కట్ దీన్ని దిగుమతి చేసుకుంటుంది, వచ్చిన ముక్కలు సినిమావో యాడ్‌వో చూసుకుని కీఫ్రేములకి సర్దుకోవాలి. ఇంట్లో కోడీ అనే మీడియా ప్లేయర్ వాడేవాళ్లయితే అసలు కోయనక్కర్లేదు. వీడియో పేరుతోనే ఈడీఎల్ పక్కన పెడితే కోడీ ఆ భాగాల్ని దాటుకుపోతుంది. ఫైలు చెక్కుచెదరదు, డిస్కులో చోటు మాత్రం మిగలదు. సినిమా నడుస్తుండగానే తెరని కుదించి పక్కనా కిందా వేసే ఎల్ బ్యాండ్ ప్రకటనల్ని మాత్రం ఏ కోతా తీయలేదు.

శబ్దం, చివరి తనిఖీ

25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. ప్రసారాల్లో ఎక్కువగా వచ్చే ఎంపెగ్ లేయర్-2 శబ్దంలో ఒక్కో ఫ్రేము 1152 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్‌లో 24 మిల్లీసెకన్లు. రెండూ ఒకేచోట ముగిసేది 120 మిల్లీసెకన్లకి ఒకసారే. కాబట్టి ప్రతి కోతలోనూ శబ్దం కాస్త ఎక్కువో తక్కువో మిగులుతుంది. టైమ్‌స్టాంపుల్ని కాపాడే సాఫ్ట్‌వేర్‌లో ఆ తేడా ఆ అతుకు దగ్గరే ఆగిపోతుంది. ఆడియో, వీడియో విడదీసి కోసి మళ్లీ కలిపే పాత పద్ధతుల్లో కూడుకుంటూ పోతుంది: ఎనిమిది బ్రేకులకి 24 చొప్పున 192 మిల్లీసెకన్ల దాకా. ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) సిఫార్సు బీటీ.1359 లెక్కలో శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా మనిషి పసిగడతాడు. సినిమా చివర్లో పెదవులు తప్పుతుంటే కారణం ఇదే అయి ఉంటుంది. మొదటి నుంచీ ఒకేలా తప్పుతుంటే కోతది కాదు, రికార్డింగ్‌ది.

తనిఖీ చేసేటప్పుడు అతుకు మీదికే నేరుగా దూకకండి. అలా దూకితే ప్లేయర్ దగ్గర్లోని కీఫ్రేమ్ నుంచి కొత్తగా మొదలుపెడుతుంది, లోపం దాక్కుంటుంది. అతుక్కి అయిదు సెకన్ల ముందు నుంచి వదిలి చూడండి, శబ్దం పెట్టుకుని. వీఎల్‌సీలో బాగుందని అసలు రికార్డింగుని చెరిపేయొద్దు. కంప్యూటర్ డీకోడర్ చాలా తప్పుల్ని క్షమిస్తుంది, టీవీలోని చిప్ క్షమించదు. చూడబోయే టీవీలోనే, అదే యూఎస్‌బీ పోర్టులో అతుకులన్నీ ఒకసారి దాటించి చూశాక అసలు ఫైలు తీసేయవచ్చు.